నాన్న ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్: డిలీట్ కొట్టే ముందు ఏం దాచుకోవాలో చూసుకోండి

మొన్న 2025 శివరాత్రికి మా ఊరు మేళ్లచెరువు వెళ్లాను. మా సూర్యాపేట జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, శివరాత్రి అంటే మా ఊళ్లో శంభులింగేశ్వర స్వామి జాతర, ఎడ్ల పందేలు. ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తున్నా ఆ రోజుకి ఇంటికి రావాల్సిందే. బ్యాగ్ కింద పెట్టకముందే నాన్న ఫోన్ చేతికిచ్చాడు.

"ఏందోరా ఇది, ఫొటో తియ్యబోతే తియ్యట్లేదు. మెమరీ లేదంటది. పైసలేసే యాపేమో అప్‌డేట్ చెయ్యమంటది, చేద్దామంటే దానికీ జాగా లేదంటది. కోదాడలో షాపులో అడిగితే మొత్తం రీసెట్ కొడతా, రెండొందలియ్యి అన్నడు."

"కొట్టించావా?" అన్నాను కంగారుగా.

"ఇంకా లేదు. నువ్వొస్తున్నవ్ కదా అని ఆపిన."

హమ్మయ్య అనుకున్నా. ఎందుకంత కంగారంటే, ఆ ఫోన్‌లో మా తాత గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు. ఇంకెక్కడా లేకపోవడానికి కారణం నేనే.

నేను చేసిన తప్పు

తాతకి చదవడం, రాయడం అంతగా రాదు. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాక ఒక్కటి మాత్రం బాగా పట్టేశాడు: వాట్సాప్‌లో మైక్ గుర్తు నొక్కిపట్టి మాట్లాడటం. పొలం కాడి నుంచి నాన్నకి, అమ్మకి వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు. "కాలువకి నీళ్లొచ్చినయి, పార తీసుకొని రా, మడవ తిప్పాలె" అని ఒకటి. "అన్నంలోకి పచ్చిపులుసు పంపు" అని ఇంకొకటి. అంతకంటే పెద్ద విషయాలేం ఉండవు.

2022లో సెలవుకి వచ్చినప్పుడు అమ్మ ఫోన్ స్లో అయిందంటే నేనే "క్లీన్" చేశా. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, ఐదు నిమిషాల పని అనుకున్నా. వాట్సాప్‌లో చాట్‌లన్నీ వరసగా క్లియర్ కొట్టుకుంటూ పోయా. తాత చాట్ కూడా అందులో పోయింది. ఆ రాత్రే ఫోన్ కొత్త బ్యాకప్ తీసుకుంది, పాతదాని మీద కొత్తది పడింది. తర్వాతి ఏడాది తాత పోయాడు. నాన్నమ్మ "మీ తాత మాట్లాడినయి ఉంటయిగా, ఒకటి పెట్టురా" అని అడిగినప్పుడు అమ్మ ఫోన్ తీసి చూస్తే ఒక్కటీ లేదు. నా ఫోన్ అంతకుముందే మార్చా, బ్యాకప్ తీసుకోకుండా.

అప్పుడు తెలిసొచ్చింది: స్టోరేజ్ ఖాళీ చేయడం అంటే డిలీట్ కొట్టడం కాదు. ముందు దాచుకోవాల్సింది పక్కకి తీయాలి, డిలీట్ తర్వాత. ఈసారి నాన్న ఫోన్‌కి నేను చేసింది అదే వరసలో చెప్తాను. మీ ఇంట్లో ఫోన్‌కి కూడా ఇదే వరస పనికొస్తుంది.

ముందు లెక్క చూడండి

నాన్నది 2021లో కొన్న 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఓపెన్ చేస్తే లెక్క ఇలా ఉంది: సిస్టమ్ 15 జీబీ, యాప్స్ 12, వీడియోలు 17, ఫొటోలు 10, ఆడియో 1, డాక్యుమెంట్లు, మిగతా ఫైల్స్ 6, ట్రాష్ 2.5. ఖాళీ అర జీబీ.

ఆ ఆడియో 1 జీబీ చూడండి. అందులో భక్తి పాటలు, కాల్ రికార్డింగులు పోగా, తాత మెసేజ్‌లు మొత్తం కలిపి 11 ఎంబీ. అంటే జాతరలో తీసిన అర నిమిషం వీడియో కంటే తక్కువ. ఫోన్‌ని నింపేది ఒకటి, మనకి కావాల్సింది ఇంకొకటి. కావాల్సినవి చాలాసార్లు చాలా చిన్న ఫైల్స్. రీసెట్ కొడితే రెండూ ఒకేసారి పోతాయి.

స్టెప్ 1: కావాల్సినవి బయటికి తీయండి

దీనికి ఒక ఓటీజీ పెన్‌డ్రైవ్ చాలు. ఫోన్‌కి నేరుగా గుచ్చొచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్‌లో ఖాళీ కూడా అక్కర్లేదు.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైల్ మేనేజర్‌లో ఇంటర్నల్ స్టోరేజ్, ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మీడియా, అక్కడ వాట్సాప్ వాయిస్ నోట్స్. లోపల వారానికో ఫోల్డర్ కనిపిస్తుంది. ఫైల్ పేరులో తేదీ ఉంటుంది కానీ ఎవరు పంపారో ఉండదు. అందుకే నేను రెండు పనులు చేశా. ఒకటి, ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. రెండు, తాత చాట్ తెరిచి పైన మూడు చుక్కల మెనూలో మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్, ఇన్‌క్లూడ్ మీడియా కొట్టి నా మెయిల్‌కి పంపుకున్నా. ఇప్పుడు ఎవరి మాట ఏదో తెలిసేలా ఒక కాపీ ఉంది.

చాట్‌లో ముఖ్యమైన మెసేజ్‌ని నొక్కిపట్టి స్టార్ కూడా పెట్టండి. రేపు ఎవరైనా ఆ చాట్ క్లియర్ చేయబోతే, స్టార్ పెట్టినవి ఉంచాలా తీసేయాలా అని వాట్సాప్ అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర చేయి ఆగుతుంది.

తాత గొంతు తర్వాత ఇంకేం ఉన్నాయని నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చూశా. పట్టాదారు పాసుపుస్తకం ఫొటోలు, వడ్ల కాంటా చీటీలు, మందుల షాపు బిల్లులు, చెల్లి పెళ్లి ఫొటోలు. నాకు చెత్తలా కనిపించిన ఒక మసక ఫొటో, మిల్లు వాళ్లు ఇచ్చిన చీటీ అంట. "అది తియ్యకు, ఇంకా పైసలు రావాలె" అన్నాడు. ఫోన్ ఓనర్ పక్కన లేకుండా ఎవరి ఫోనూ క్లీన్ చేయకండి. ఇది సెట్టింగ్ కాదు కానీ ఈ ఆర్టికల్‌లో ముఖ్యమైన టిప్ ఇదే.

స్టెప్ 2: ట్రాష్, వర్చువల్ ర్యామ్

ఇప్పుడు తేలిగ్గా వచ్చేవి. గ్యాలరీలో డిలీట్ కొట్టినవి వెంటనే పోవు, సాధారణంగా 30 రోజులు ట్రాష్‌లో కూర్చుంటాయి. అందుకే "ఇన్ని డిలీట్ చేశా, ఖాళీ రాలేదేంది" అని చాలామంది అడుగుతారు. గ్యాలరీ ట్రాష్, ఫైల్ మేనేజర్ ట్రాష్ రెండూ వేరు. రెండూ ఒకసారి కిందదాకా చూసి, కావాల్సింది ఉంటే వెనక్కి తెచ్చుకుని, ఖాళీ చేయండి. నాన్న ఫోన్‌లో 2.5 జీబీ వచ్చింది.

రెండోది చాలామందికి తెలియదు. బడ్జెట్ ఫోన్లలో "4 జీబీ ప్లస్ 2 జీబీ ర్యామ్" అని ప్రకటనలు చూసే ఉంటారు. ఆ ప్లస్ ర్యామ్ అసలు ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి కోసి పక్కన పెట్టిన ముక్క. స్టోరేజ్ నిండి ఏడుస్తున్న ఫోన్‌లో దాని వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. సెట్టింగ్స్‌లో ర్యామ్ ఎక్స్‌పాన్షన్, మెమరీ ఎక్స్‌టెన్షన్ లాంటి పేరుతో ఉంటుంది. ఆఫ్ చేసి ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఇక్కడ 2 జీబీ తిరిగొచ్చింది.

స్టెప్ 3: అసలు దొంగ, వాట్సాప్

2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఒక కథనం వేసింది. ఇండియాలో ఫోన్లు ఎందుకిలా నిండిపోతున్నాయని వెతికిన గూగుల్ వాళ్లకి దొరికిన జవాబు, గుడ్ మార్నింగ్ ఫొటోలు! అంతకు నెల ముందే, 2017 డిసెంబర్‌లో, గూగుల్ ఫైల్స్ గో అనే యాప్‌ని ఇండియాలోనే లాంచ్ చేసింది. ఇప్పుడు మీ ఫోన్‌లో కనిపించే ఫైల్స్ బై గూగుల్ అదే. అంటే మన గుడ్ మార్నింగ్‌లు అంత దూరం వెళ్లాయి.

నాన్న ఫోన్‌లో గ్రూపులు చూస్తే నవ్వొచ్చింది. ఊరి గ్రూపు, రైతుల గ్రూపు, జాతర గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు. ఒకే ఎడ్ల పందెం వీడియో నాలుగు గ్రూపుల్లోనూ ఉంది.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌కి వెళ్లండి. పైన రెండు డబ్బాలు కనిపిస్తాయి: చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ కంటే పెద్దవి. మొదటి డబ్బా దాదాపు మొత్తం తీసేయొచ్చు. ఎందుకంటే అంతమంది చేతులు మారిన దాంట్లో మన ఇంటి వాళ్లది ఉండే అవకాశం తక్కువ. రెండో డబ్బాలో మాత్రం ఒక్కొక్కటి చూసుకుంటూ వెళ్లండి, పెళ్లి వీడియోలు అక్కడే ఉంటాయి. కింద చాట్‌ల వారీగా లిస్ట్ ఉంటుంది, ఎక్కువ తింటున్న గ్రూపు పైన వస్తుంది. ఇంటి మనుషుల చాట్‌ల జోలికి పోవద్దు, గ్రూపులతోనే మొదలుపెట్టండి. మాకు ఈ ఒక్క చోటే 13 జీబీ ఖాళీ అయింది.

తర్వాత వాట్సాప్ మీడియాలో ఫొటోలు, వీడియోల ఫోల్డర్ల లోపల "సెంట్" అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మీరు ఎవరికైనా పంపిన ప్రతి ఫొటోకి ఒక కాపీ అక్కడ పడుతుంది. గ్యాలరీలో అసలుది ఉంటే ఇది డూప్లికేటే. కానీ అసలుది ఎప్పుడో డిలీట్ చేసి ఉంటే ఇదొక్కటే మిగిలి ఉండొచ్చు, కాబట్టి చూసి తీయండి. ఇక్కడ ఇంకో 2 జీబీ.

మళ్లీ నిండకుండా ఉండాలంటే, అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై రెండిట్లోనూ టిక్‌లన్నీ తీసేయండి. ఇక కావాల్సిన వీడియో మీదే నొక్కి దించుకుంటారు. భయపడకండి, వాయిస్ మెసేజ్‌లకి ఈ సెట్టింగ్ వర్తించదు. అవి ఎప్పుడూ వాటంతట అవే డౌన్‌లోడ్ అవుతాయి.

స్టెప్ 4: గూగుల్ ఫొటోస్‌లో రెండు బటన్ల తేడా

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు మామూలుగా డిలీట్ కొడితే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. "క్లౌడ్‌లో ఉందిలే" అనుకుని డిలీట్ చేస్తే రెండు చోట్లా పోయినట్టే. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ లోపు గుర్తొస్తే సరి.

మనకి కావాల్సింది "ఫ్రీ అప్ స్పేస్" బటన్. ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే కనిపిస్తుంది. అది క్లౌడ్‌లోకి చేరిన ఫొటోల ఫోన్ కాపీని మాత్రమే తీస్తుంది, క్లౌడ్ కాపీ అలాగే ఉంటుంది.

కానీ నాన్నకి ముందు బ్యాకప్పే ఆగిపోయి ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. 2021 జూన్ 1 దాకా ఫొటోలు కాస్త క్వాలిటీ తగ్గించి ఎన్నైనా పెట్టుకోవచ్చనేవారు, ఆ రోజు నుంచి అదీ లెక్కలోకి వచ్చింది. 2024లో ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇదే 15 జీబీలో కలిసింది. నాన్న వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు కూడా వెళ్తున్నాయి, అంటే ఊరి గ్రూపు వీడియోలు క్లౌడ్‌ని కూడా నింపేశాయి!

వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లో "ఇన్‌క్లూడ్ వీడియోస్" ఆఫ్ చేసి, కొత్తగా బ్యాకప్ కొట్టా. స్టెప్ 3లో చెత్త తీసేశాకే ఈ పని చేయండి, అప్పుడే బ్యాకప్ చిన్నగా వస్తుంది. క్లౌడ్‌లో చోటు దొరికింది, రాత్రంతా ఇంటి వైఫై మీద కెమెరా ఫొటోలు ఎక్కాయి, పొద్దున్నే ఫ్రీ అప్ స్పేస్ కొడితే 3.5 జీబీ.

ఒక్క మాట. బ్యాకప్ అంటే బీరువా అనుకోకండి. వాట్సాప్ బ్యాకప్ ఈ రోజు ఫోన్‌లో ఏముందో దాని నకలు మాత్రమే. ఈ రోజు చాట్ పోతే, రాత్రి తీసుకునే నకల్లోనూ అది ఉండదు. నాకు అమ్మ ఫోన్‌తో తగిలిన దెబ్బ ఇదే. దాచుకోవాల్సింది బ్యాకప్‌తో పాటు ఇంకో చోట కూడా ఉండాలి.

స్టెప్ 5: యాప్స్

యాప్ మీద క్లియర్ క్యాష్, క్లియర్ డేటా అని రెండు ఉంటాయి. క్యాష్ తీసేస్తే ఏమీ కాదు, యాప్ మళ్లీ తెచ్చుకుంటుంది. డేటా తీసేస్తే యాప్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టే. యూపీఐ యాప్‌కి అలా చేస్తే మళ్లీ నంబర్ వెరిఫికేషన్ నుంచి మొదలు. వాట్సాప్‌కి చేస్తే బ్యాకప్ లేని మెసేజ్‌లు గోవిందా. కాబట్టి డేటా బటన్ జోలికి వెళ్లకండి.

టెలిగ్రామ్ వాడేవాళ్లు దాని సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్, స్టోరేజ్ యూసేజ్ చూడండి. అందులో చూసిన సినిమాలు ఫోన్‌లోనే పడి ఉంటాయి. అవి టెలిగ్రామ్ సర్వర్‌లో కూడా ఉంటాయి కాబట్టి క్యాష్ తీసేసినా మళ్లీ దించుకోవచ్చు. యూట్యూబ్‌లో డౌన్‌లోడ్స్ కూడా ఒకసారి చూడండి. ఎప్పుడో ఒకసారి వాడే యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ ఆర్కైవ్ ఆన్ చేయండి. చోటు తక్కువైనప్పుడు వాడని యాప్ బరువు తగ్గించి, గుర్తు, మీ డేటా మాత్రం ఉంచుతుంది. క్యాష్‌లు, మా చిన్నోడు వేసిన మూడు గేమ్స్ తీసేస్తే 3 జీబీ వచ్చింది.

"ఒక్క ట్యాప్‌తో ఫోన్ క్లీన్" అనే యాప్‌లు వేయకండి. అవి చేసేది ఫోన్‌లో ఉన్న ఆప్షన్లతోనే చేయొచ్చు. పైగా యాడ్స్ బాధ, మీ ఫైల్స్ అన్నిటికీ పర్మిషన్ అడగడం. మీకు ఏది ముఖ్యమో దానికి తెలియదు.

ఎంత ఖాళీ ఉంచాలి?

నాన్న ఫోన్ స్లో అవడానికి కూడా కారణం స్టోరేజే. ఫోన్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ చిన్న చిన్న పేజీల్లో రాస్తుంది, కానీ చెరపాలంటే బోలెడు పేజీలున్న బ్లాక్ మొత్తం ఒకేసారి చెరపాలి. మిర్యాలగూడ రైస్ మిల్లు గోదాం అనుకోండి. ఖాళీ ఉంటే లారీ రాగానే బస్తాలు దించేస్తారు. కప్పుదాకా నిండి ఉంటే, ముందు ఉన్న బస్తాలు అటూ ఇటూ సర్ది చోటు చేస్తే కానీ ఒక్క బస్తా దించలేరు. లారీ బయటే నిలబడుతుంది. నిండిన ఫోన్‌లో ప్రతి ఫొటోకి, ప్రతి మెసేజ్‌కి ఈ సర్దుడే జరుగుతుంది. తక్కువ ధర ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ స్టోరేజ్ అసలే నెమ్మది, యూఎఫ్ఎస్ కంటే అక్కడ తేడా బాగా తెలుస్తుంది. నా సలహా, 64 జీబీ ఫోన్‌లో కనీసం 8, 10 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

కెమెరాలో వీడియో రిజల్యూషన్ కూడా చూసుకోండి. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో యాపిల్ ఇచ్చిన లెక్క ప్రకారం, కొత్త ఫార్మాట్‌లో కూడా నిమిషం వీడియోకి 1080పీ, 30 ఫ్రేమ్స్‌లో సుమారు 60 ఎంబీ, 4కె, 30 ఫ్రేమ్స్‌లో 170 ఎంబీ, 4కె, 60 ఫ్రేమ్స్‌లో 400 ఎంబీ. ఆండ్రాయిడ్‌లో అంకెలు మారినా తేడా ఇలాగే ఉంటుంది. గ్రూపులో పెట్టడానికి 1080పీ చాలు.

చివరికి లెక్క

ట్రాష్ 2.5, వర్చువల్ ర్యామ్ 2, వాట్సాప్ 13, సెంట్ ఫోల్డర్లు 2, ఫొటోస్ 3.5, యాప్స్ 3. మొత్తం 26 జీబీ. రూపాయి ఖర్చు లేదు, పెన్‌డ్రైవ్ తప్ప. యూపీఐ యాప్ అప్‌డేట్ అయింది. నాన్న పందేల్లో ఎడ్లు బండ లాగుతుంటే ఆపకుండా వీడియో తీశాడు, తీసిన ఐదు నిమిషాలకే నాలుగు గ్రూపుల్లోనూ పెట్టాడు. ఇక వాళ్ల ఫోన్లు నిండుతాయి, నేనేం చేయలేను.

నాన్నమ్మది బటన్ ఫోన్. తాత మెసేజ్‌లు ఓపస్ ఫార్మాట్‌లో ఉంటాయి, ఆ ఫోన్‌లో ప్లే కావు. ల్యాప్‌టాప్‌లో ఎంపీ3గా మార్చి, ఆ ఫోన్ మెమరీ కార్డులో ఎక్కించా. మొదట మోగింది మడవ తిప్పమన్న మెసేజే. నాన్నమ్మ మొత్తం విని, "గట్టిగనే అరిచిండు" అంది. తర్వాత, మళ్లీ పెట్టాలంటే ఏ బటన్ నొక్కాలో చూపించమంది.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నల ఫోన్ తీసుకుని ముందు స్టెప్ 1 ఒక్కటి చేయండి. మిగతా స్టెప్స్ వచ్చే వారం చేసినా నష్టం లేదు.